ముందు కాగితం ఎగరాలి

మా పెద్దమ్మ డల్లాస్‌లో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరిన రాత్రి, ఆమెను శంషాబాద్‌లో దిగబెట్టి ఇంటికొచ్చాక మా పెదనాన్న పడుకోలేదు. ఫోనులో ఫ్లైట్‌రాడార్ తెరిచి ఆయన చేతికిచ్చాను. తెరంతా పసుపురంగు బుల్లి విమానాలు. అరేబియా సముద్రం మీద ఓ బారు, గల్ఫ్ మీద ఓ గుంపు, యూరప్ వైపు జరిపితే కింద నేల కనపడనంత ముసురు. పెద్దమ్మ ఎక్కిన విమానాన్ని వెతికి పట్టుకున్నాం. దోహా వైపు పోతోంది. ఆయన మాత్రం కాసేపటికే దాన్నొదిలి మిగతావాటిని చూస్తూ కూర్చున్నారు. "ఇన్నేసి విమానాలేంట్రా! వీటన్నిటినీ చూసుకునేదెవరు?" అన్నారు. "ఏటీసీ వాళ్లు పెదనాన్నా" అని చెప్పి నేను నిద్రపోయాను. ఆ జవాబులో సగమే నిజం. మిగతా సగం ఇది.

ముందు ఆ "ఇన్నేసి" సంగతి. ఎయిర్‌లైన్స్ సంఘం ఐయాటా లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా ఎయిర్‌లైన్స్ నడిపిన విమాన సర్వీసులు దాదాపు 3 కోట్ల 89 లక్షలు. అంటే రోజుకు లక్షా ఆరు వేలు. సెకనుకు ఒకటికి పైగా నేల విడుస్తోందన్నమాట. ఒక్కోటి సగటున రెండు గంటలు గాల్లో ఉంటుందనుకుంటే, ఏ క్షణాన తలెత్తినా ఎనిమిది తొమ్మిది వేల విమానాలు పైనే ఉంటాయి. ఒక్కోదానిలో వంద మందినే వేసుకున్నా, ఇంచుమించు వరంగల్ నగరమంత జనం రాత్రీ పగలూ ఆకాశంలోనే కాపురం ఉన్నట్టు. యుద్ధ విమానాలు, శ్రీమంతుల సొంత జెట్లు ఈ లెక్కలోకి రావు. ఒక్క అమెరికా గగనతలంలోనే రోజుకు 44 వేలకు పైగా విమానాలు తిరుగుతాయని అక్కడి విమానయాన శాఖ ఎఫ్ఏఏ చెబుతుంది. మన దేశంలో 2024 నవంబరు 17న దేశీయ విమానాల్లో ఒకే రోజు ప్రయాణించినవాళ్ల సంఖ్య మొదటిసారి 5 లక్షలు దాటింది. ఆ రోజు బయల్దేరిన దేశీయ సర్వీసులు 3,173.

అంకెలు చూస్తే కళ్లు తిరుగుతాయి గానీ, ఈ లక్ష విమానాలనూ గంపగుత్తగా పంపేవాడెవడూ లేడు. ఒక్కోదానికి ఒక్కో లెక్క, ఒక్కో ప్లాను. నిజం విమానం ఎగరడానికి రెండు మూడు గంటల ముందే అది ఓసారి కాగితం మీద ఎగిరి, దిగి ఉంటుంది. దాన్ని అలా ఎగరేసే మనిషే ఫ్లైట్ డిస్పాచర్.

పేరు వినగానే మనవాళ్లకు ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్ గుర్తొస్తుంది. కవరు మీద నంబరు వేసి, రిజిస్టరులో ఎక్కించి, స్టాంపులు అంటించే గుమాస్తా. ఈ డిస్పాచర్‌కూ ఆయనకూ పోలిక సంతకం దగ్గర మాత్రమే. ఏటీసీతో పోలికైతే అదీ లేదు. ఏటీసీ సర్కారు మనిషి. రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసులాగా, వచ్చిన విమానమల్లా ఎవరిదైనా సరే, ఒకదానికొకటి తగలకుండా దూరదూరంగా నడిపించడం ఆయన పని. డిస్పాచర్ ఎయిర్‌లైన్ మనిషి. ఆర్టీసీ బస్టాండులో కంట్రోలర్‌కు దగ్గరివాడు: బండి బాగుందా, దారి బాగుందా, నూనె చాలుతుందా, అసలు ఈ పూట బండి తియ్యొచ్చా అని చూసేవాడు. కంట్రోలర్ బస్టాండు గేటు దాకా చూస్తాడు. ఈయన ఆ బండి అవతలి ఊళ్లో ఆగేదాకా దాని వెంట ఉంటాడు.

ఇలాంటివాడొకడు ఉండాలన్న ఆలోచన బలపడడానికి ఒక ప్రమాదం కారణం. 1935 మే 6న టీడబ్ల్యూఏ సంస్థ డీసీ-2 విమానం కాన్సస్ సిటీలో దిగలేక, మబ్బుల కింద వేరే మైదానం వెతుక్కుంటూ మిస్సోరీలో అట్లాంటా అనే చిన్న ఊరి దగ్గర కూలింది. చనిపోయినవాళ్లలో న్యూమెక్సికో సెనేటర్ బ్రాన్సన్ కటింగ్ ఉన్నారు. పెద్ద మనిషి పోతే గానీ ప్రభుత్వాలు కదలవు, అక్కడైనా ఇక్కడైనా. విచారణలో తేలినవాటిలో ఒకటి: ఇంధనం ఇంకా మిగిలి ఉండగానే వాతావరణం బాగున్న చోటుకు విమానాన్ని మళ్లించాల్సిన నేల మీది సిబ్బంది ఆ పని సమయానికి చెయ్యలేదు. మూడేళ్లకు, 1938లో, అమెరికాలో పౌర విమానయాన చట్టం వచ్చింది. ఆ బాటలోనే డిస్పాచర్‌కు లైసెన్సు, బాధ్యత వచ్చాయి. ఇవాళ అమెరికా ఎయిర్‌లైన్స్‌లో కెప్టెన్‌కు ఎంత బాధ్యతో డిస్పాచర్‌కూ అంతే. ఇద్దరిలో ఏ ఒక్కరు కాదన్నా విమానం కదలదు. మన దేశంలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం పొందినవాళ్లే ఈ పని చెయ్యాలి. ఆఖరి మాట మాత్రం కెప్టెన్‌దే.

ఆ కాగితం మీద ఏముంటుందో ఓ విమానం పట్టుకుని చూద్దాం. జనవరి నెల, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి, తెల్లవారేసరికి చేరే సర్వీసు. ఎయిర్‌బస్ ఎ320 నియో, 180 సీట్లూ నిండాయి. అంకెలు సుమారుగా వేస్తున్నాను, పద్ధతి మాత్రం అసలుదే.

దారి 1,250 కిలోమీటర్లు. దానికి అయిదు టన్నుల ఇంధనం కావాలి. లీటర్లలో కాక బరువులో చెప్పడం ఎందుకంటే, విమానానికి శక్తినిచ్చేది ఇంధనం బరువే. వేడికీ చలికీ లీటరు బరువు మారుతుంది, కిలో కిలోనే. ఈ కిలోల లెక్క తప్పితే ఏమవుతుందో 1983 జూలైలో ఎయిర్ కెనడా చూసింది. కిలోల చోట పౌండ్ల గుణకంతో లెక్కేసి, కావలసినదానిలో సగం కూడా లేకుండా బోయింగ్ 767ను పంపారు. దారి మధ్యలో ఇంజన్లు రెండూ ఆగిపోయాయి. గిమ్లీ అనే చోట పాత సైనిక రన్‌వే మీద దాన్ని గ్లైడరులా దింపిన పైలట్ల నేర్పు వల్ల అందరూ బతికారు.

సరే, అయిదు టన్నులు. ఎదురుగాలి వస్తుందేమో, ఏటీసీ చుట్టూ తిప్పి పంపుతుందేమో, అందుకని దాని మీద అయిదు శాతం: 250 కిలోలు. ఢిల్లీలో దిగడం కుదరకపోతే వెళ్లాల్సిన రెండో ఊరిని ఆల్టర్నేట్ అంటారు. మామూలు రోజుల్లో జైపూర్ పెడతారు, అక్కడికి 1,500 కిలోలు. ఆ రెండో ఊరు చేరాక కూడా ట్యాంకుల్లో 30 నిమిషాలు తిరగడానికి సరిపడా ఉండాలి. ఇది ఫైనల్ రిజర్వ్, అంతర్జాతీయ నియమం. 1,100 కిలోలు. గేటు నుంచి రన్‌వే దాకా నడవడానికి ఓ 200. మొత్తం ఎనిమిది టన్నుల చిల్లర.

ఇది మంచి రోజు లెక్క. ఇప్పుడు డిస్పాచర్ ఢిల్లీ టాఫ్ తెరుస్తాడు. టాఫ్ అంటే విమానాశ్రయం వాతావరణ అంచనా, మెటార్ అంటే అరగంటకోసారి వచ్చే ప్రస్తుత పరిస్థితి. రెండూ కోడుభాషలోనే ఉంటాయి, మందుల చీటీ చదివినంత అలవాటుగా చదవాలి. ఇవాళ తెల్లవారుజామున దట్టమైన పొగమంచు అని ఉంది. ఢిల్లీలో క్యాట్-3 సదుపాయం ఉంది కదా, 50 మీటర్ల మేర రన్‌వే కనిపిస్తే చాలు దింపొచ్చు కదా అని మనమనుకుంటాం. దానికి రన్‌వే ఒక్కటీ సరిపోదు. విమానంలో ఆ పరికరాలన్నీ పనిచేస్తూ ఉండాలి, పైలట్లు ఆ శిక్షణ పొంది ఉండాలి. ఈ రెండూ డిస్పాచర్ సరిచూసుకోవాలి. ఇంకో తిరకాసు ఉంది. దిగడానికి 50 మీటర్లు చాలినా, ఎగరడానికి 125 మీటర్లు కనపడాలి. వచ్చినవి దిగుతుంటాయి, పోవాల్సినవి కదలవు. కాసేపటికి నిలపడానికి చోటుండదు. దిగగలిగిన విమానం కూడా గాల్లో చక్కర్లు కొట్టాల్సిందే.

జైపూర్ సంగతి? ఉత్తరాది పొగమంచు ఒక ఊరికి పట్టేది కాదు. అమృత్‌సర్, లక్నో, కొన్ని రాత్రులు జైపూర్ కూడా అందులో మునుగుతాయి. జైపూర్ తేటగానే ఉన్నా, ఢిల్లీ వద్దన్న విమానాలన్నీ అక్కడికే పరిగెత్తితే అదీ నిండిపోతుంది. అనుభవం ఉన్న డిస్పాచర్ ఇక్కడ జైపూర్ కొట్టేసి అహ్మదాబాద్ రాస్తాడు. దూరం ఎక్కువ, 3,300 కిలోలు కావాలి. ఢిల్లీ మీద మరో అరగంట తిరగడానికి 1,200 కలుపుతాడు. మొత్తం పదకొండు టన్నులు దాటింది.

ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. అక్కడే బరువు అడ్డొస్తుంది. ఖాళీ విమానం, సిబ్బంది కలిపి 45 టన్నులు. ప్రయాణికులూ వాళ్ల సామానూ 16 టన్నుల పైచిలుకు. కింద అరలో హైదరాబాద్ కంపెనీల మందుల పెట్టెలు 800 కిలోలు. ఇది 62 టన్నులు. ఢిల్లీలో దిగేటప్పటికి మిగిలే ఇంధనం 5,850 కిలోలు. కలిపితే 67,850. ఈ విమానం 67,400 కిలోలకు మించిన బరువుతో నేల తాకేలా ప్లాను వెయ్యకూడదు. 450 కిలోలు ఎక్కువైంది. ఏదో ఒకటి దింపాలి. మనుషుల్ని దింపలేం, ఇంధనం తగ్గించకూడదు. సగానికి పైగా మందుల పెట్టెలు ఆ పూట హైదరాబాద్‌లోనే ఉండిపోతాయి. మైకులో "ఆపరేషనల్ రీజన్స్" అని వినపడ్డప్పుడల్లా మనం విసుక్కుంటాం గానీ, ఆ రెండు మాటల వెనక చాలాసార్లు ఇలాంటి కూడికలూ తీసివేతలే ఉంటాయి.

బరువు మోయడానికీ ఇంధనం ఖర్చవుతుంది. అదనంగా వేసుకున్నదానిలో గంటకు మూడు నాలుగు శాతం ఆ అదనాన్ని మోయడానికే కాలిపోతుంది. పై లెక్కలో ఎక్కువ వేసిన మూడు టన్నులకు, రెండు గంటల్లో రెండొందల కిలోలు ఆవిరి. అందుకే కంపెనీకి ఎప్పుడూ తక్కువే ముద్దు. కొన్నిసార్లు తిరగబడుతుంది కూడా. మన దేశంలో విమాన ఇంధనం మీద వ్యాట్ రాష్ట్రానికొక తీరు, 1 శాతం నుంచి 29 శాతం దాకా. చౌకగా దొరికే చోట తిరుగు ప్రయాణానికి కూడా నింపుకుని వెళ్తారు. దీన్ని ట్యాంకరింగ్ అంటారు. మోసిన ఖర్చు పోను లాభమైతేనే చేస్తారు. కర్ణాటక సరిహద్దు దాటగానే పెట్రోలు బంకు వెతికే మన లారీ డ్రైవర్లకు ఈ శాస్త్రం కొత్తగా చెప్పక్కర్లేదు.

దారి గీయడం మరో కళ. భూమి మీద దగ్గరి దారి గాల్లో దగ్గరిది కాకపోవచ్చు. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే గాలి ఏరు పారుతుంటుంది. జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి దాన్ని బెలూన్లతో కొలిచి 1926లో ప్రచురించారు. ప్రపంచమంతా చదవాలని ఎస్పరాంటో భాషలో రాశారు పాపం, ఎవరూ చదవలేదు! 2024 ఫిబ్రవరి 17న వాషింగ్టన్ నుంచి లండన్ వెళ్తున్న వర్జిన్ అట్లాంటిక్ విమానం ఈ ఏట్లో పడి, నేలతో పోలిస్తే గంటకు 1,290 కిలోమీటర్ల వేగం అందుకుంది. ఎదురొచ్చేవాళ్లు అదే ఏటిని తప్పించుకుంటూ పైకో కిందికో పోవాలి. గాలి ఒక్కటే కాదు, రాజకీయమూ దారి మారుస్తుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఉత్తర అమెరికా నుంచి ఢిల్లీ వచ్చే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలో, కోపెన్‌హాగెన్‌లో ఆగాల్సి వచ్చింది. మూసివేత వార్త మనకు టీవీలో వచ్చింది. డిస్పాచర్లకు నోటమ్ అనే నాలుగు లైన్ల నోటీసుగా వస్తుంది. అప్పటికే గాల్లో ఉన్నవాటికి అప్పటికప్పుడు కొత్త దారి, కొత్త లెక్క.

కాగితం ఎంత మాట్లాడుతుందో చెప్పే ఉదంతం ఒకటుంది. చదివిన ప్రతిసారీ నాకు మనసు పాడవుతుంది. 2016 నవంబరు 28. బ్రెజిల్ ఫుట్‌బాల్ జట్టు షాపెకోయెన్సే ఒక ఫైనల్ ఆడడానికి బొలీవియాలోని శాంతా క్రూజ్ నుంచి కొలంబియాలోని మెడెయిన్‌కు లామియా అనే చిన్న కంపెనీ విమానంలో బయల్దేరింది. దూరం దాదాపు మూడు వేల కిలోమీటర్లు. విమానాశ్రయంలో ఇచ్చిన ఫ్లైట్ ప్లానులో ప్రయాణ సమయం గడిలో 4 గంటల 22 నిమిషాలు అని ఉంది. ఇంధనం ఎంతసేపు వస్తుందన్న గడిలోనూ అదే, 4 గంటల 22 నిమిషాలు. ఆల్టర్నేట్‌కు లేదు, 30 నిమిషాల రిజర్వ్ లేదు, గాలి వాటు మారితే చుక్క లేదు. రెండు గడులూ పక్కపక్కన పెట్టి చూస్తే అయిదో తరగతి పిల్లాడికైనా తెలిసే తప్పు. కౌంటరులో ఉన్న ఉద్యోగిని అది గమనించి అభ్యంతరం చెప్పానని తర్వాత వెల్లడించారు. ఆ ప్లాను ఇచ్చిన డిస్పాచర్ ఆమె మాట విని దిద్దుకోలేదు. విమానం లేచింది. మెడెయిన్ దగ్గర ముందు మరో విమానానికి దారివ్వడం కోసం కొద్ది నిమిషాలు చక్కర్లు కొట్టాల్సి వచ్చింది. ఆ కొద్ది నిమిషాలే దాని దగ్గర లేనివి. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయి కొండ మీద కూలింది. 77 మందిలో 71 మంది పోయారు. ఆ డిస్పాచర్ కూడా అదే విమానంలో ఉన్నాడు.

ఇరవయ్యారేళ్ల ముందు, 1990 జనవరి 25న, న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 కూడా ఇలాగే ఇంధనం అయిపోయి కూలింది. 73 మంది మరణించారు. అది గంటకు పైగా చక్కర్లు కొట్టింది. సిబ్బంది ఏటీసీకి "ఎమర్జెన్సీ" అన్న ఒక్క మాట చెప్పలేదు. అమెరికా విచారణ సంస్థ కారణాల్లో ఇంకొకటి చేర్చింది: పైలట్లు దారిలో తమ ఎయిర్‌లైన్ డిస్పాచ్ సాయం తీసుకోలేదు. ఇప్పుడైతే ఫైనల్ రిజర్వ్‌లోకి దిగాల్సి వస్తుందని తెలిసిన క్షణం పైలట్ "మేడే ఫ్యూయల్" అని చెప్పి తీరాలి.

ఒక్కో డిస్పాచర్ నెత్తిన ఎన్ని విమానాలుంటాయి? ఖండాలు దాటేవైతే తక్కువ, గంటా గంటన్నర సర్వీసులైతే ఎక్కువ. చరిత్రలో నమోదైన ఒక డెస్కు సంగతి మాత్రం చెప్పగలను. 2001 సెప్టెంబరు 11 ఉదయం యునైటెడ్ ఎయిర్‌లైన్స్ డిస్పాచర్ ఎడ్ బాలింజర్ చూస్తున్నవి 16 విమానాలు, అన్నీ అమెరికా ఈ చివర నుంచి ఆ చివరకు పోయేవే. న్యూయార్క్ జంట భవనాలను విమానాలు ఢీకొన్నాయని తెలిశాక, 9:19కి తనంతట తానే తన విమానాలకు సందేశాలు పంపడం మొదలుపెట్టాడు, కాక్‌పిట్‌లోకి ఎవరైనా చొరబడతారేమో జాగ్రత్త అని. యునైటెడ్ 93కు అది 9:24కు చేరింది. 9:26కు కెప్టెన్ నమ్మలేక ఆ మాట నిజమేనా అని తిరిగి అడిగాడు. 9:28కి హైజాకర్లు దాడి చేశారు. ఆ రోజు మిగిలిన విమానాలన్నిటినీ, దాదాపు 4,500, దొరికిన చోటల్లా దింపేశారు. దింపింది ఏటీసీ, నిజమే. కానీ ఏ ఊళ్లో దిగితే తమ విమానానికి రన్‌వే సరిపోతుంది, ఇంధనం దొరుకుతుంది, జనాన్ని ఎక్కడ ఉంచాలి అన్నవి తేల్చుకోవాల్సింది కంపెనీల గదుల్లో కూర్చున్నవాళ్లు.

ఆ గదిని ఓసీసీ, అంటే ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్ అంటారు. కిటికీల్లేని హాలు, ఒక్కొక్కరి ముందు నాలుగైదు తెరలు, గోడ మీద గడియారాల్లో ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైము. మన టైముకు అయిదున్నర గంటలు వెనక. అక్కడ పనిచేసేవాళ్లకు పండగలు కూడా యూటీసీలోనే వస్తాయి. అమెరికాలో డిస్పాచర్ మామూలుగా పది గంటలకు మించి డ్యూటీ చెయ్యకూడదు. ఏడాదికి కనీసం అయిదు గంటలు కాక్‌పిట్‌లో పైలట్ల వెనక కూర్చుని ప్రయాణించాలి, తాను గీసే గీతలు అక్కడి నుంచి ఎలా ఉంటాయో చూడడానికి. అక్కడ లైసెన్సుకు డిగ్రీ తప్పనిసరి కాదు, 23 ఏళ్లు నిండాలి. విమానం నడపాలని ఆశపడి కంటిచూపు దగ్గరో డబ్బు దగ్గరో ఆగిపోయిన మన పిల్లలకు ఈ ఉద్యోగం ఉందని చెప్పేవాళ్లు తక్కువ. ఇంటర్‌లో లెక్కలూ భౌతికశాస్త్రమూ ఇష్టంగా చదివి, రాత్రి డ్యూటీకి భయపడనివాళ్లు ఒకసారి డీజీసీఏ నిబంధనలు తెరిచి చూడండి.

ఇప్పుడీ ప్లాన్లన్నీ సాఫ్ట్‌వేరే వేస్తుంది. గాలి, బరువు, రుసుములు అన్నీ లెక్కగట్టి నిమిషాల్లో పది దారులు చూపిస్తుంది. జైపూర్ కొట్టేసి అహ్మదాబాద్ రాయడానికి మాత్రం ఇప్పటికీ ఒక మనిషి పేరు కింద ఉండాలి. విమానం చేరి, తలుపు తెరిచి, చివరి మనిషి దిగాక ఆ కాగితం పని అయిపోతుంది. అమెరికా నిబంధన ప్రకారం దాన్ని మూడు నెలలు దాచాలి. ఆ తర్వాత పారేయొచ్చు.